గుండు పెళ్ళికొడుకు

నాందేడ్ శ్యాంనగర్‌లో సుమిత్రాబాయి ఖానావళి, అదే భోజనాల మెస్సు, ఎక్కడని అడిగితే కోచింగు పిల్లలు దారి చెప్పరు, వెంటబెట్టుకుని తీసుకొస్తారు. డాక్టర్లవుదామని ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్లో సగం మంది ఆమె డబ్బా తినే చదువుకుంటారు. వాళ్ళలో కొందరు నిజంగానే డాక్టర్లయ్యారు. అందులో తన పప్పు గొప్ప ఎంతో ఆమె ఎన్నడూ చెప్పుకోదు గానీ, ఎవడైనా తప్పితే మాత్రం "ఆడు నా డబ్బా బందు పెట్టి హోటల్ల తిన్నడు" అని ఖాయంగా అంటుంది.

ఆ ఇంటి కోడలు కోమల్. కెనడాలో రెజైనా అనే ఊళ్ళో, ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో నర్సు. భర్త గజానన్‌ని తన దగ్గరికి పిలిపించుకోవడానికి స్పాన్సర్ చేస్తూ దరఖాస్తు పెట్టి ఏడాది దాటింది. ఇతను నా భర్త, ఇతని మంచిచెడ్డలకు నాదే పూచీ అని అక్కడి సర్కారుకు రాసివ్వడమే స్పాన్సర్ చేయడం. మొగుడు పెళ్ళానికి పూచీ పడడం చూసిన సరిహద్దున తెలుగు మాట్లాడే దెగ్లూరు తాలూకా చుట్టాలు, పెళ్ళాం మొగుడికి పూచీ పడడమేమిటని ముక్కు మీద వేలేసుకున్నారు. గజానన్ మాత్రం "నన్ను నా పెండ్లాం దత్తత తీసుకుంటున్నది" అని డబ్బాలు ఇచ్చిన గడపగడపనా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెం కాస్తా ఒక ఈమెయిల్‌తో ఆవిరైంది. మీ పెళ్ళి నిజమైనదని మాకు నమ్మకం కలగడం లేదు, కాగితాల కోసం చేసుకున్న పెళ్ళిలా ఉంది, వీడియోలో విచారిస్తాం, అప్పటికీ నమ్మకం కుదరకపోతే దరఖాస్తు కొట్టేస్తాం అని దాని సారాంశం. మర్యాదగానే రాశారు. మొహం మీద తలుపు వేసేటప్పుడు వాళ్ళు చాలా మర్యాదగా వేస్తారు. కోమల్ ఉన్న సెలవంతా ఊడ్చి పెట్టుకుని, విచారణ నాడు మొగుడి పక్కన కూర్చోవాలని విమానం ఎక్కి వచ్చింది.

వచ్చిన మర్నాడే ఇద్దరూ వజీరాబాద్‌లో నందకిషోర్ ఆఫీసుకు వెళ్ళారు. వీసా కాగితాలు చూడడమే అతని వ్యాపారం. దరఖాస్తుతో పంపిన పెళ్ళి ఫొటోలు అతను తెర మీద ఒక్కొక్కటే తిప్పుతుంటే కోమల్ కుర్చీలో ఇబ్బందిగా కదిలింది.

పాస్‌పోర్టులో గజానన్‌కి ఒత్తయిన ఉంగరాల జుట్టు. పెళ్ళి ఫొటోలో నున్నటి గుండు. ఆ గుండు మీద కట్టిన బాసింగం నిలవక ఒక ఫొటోలో కనుబొమల మీదా, ఇంకో ఫొటోలో ముక్కు మీదా ఉంది. పెళ్ళికొడుకు తల్లిదండ్రుల పీటల మీద మేనమామ శివరాం, ఆయన భార్య గోదావరి కూర్చున్నారు. దరఖాస్తులో రాసిన తల్లి సుమిత్రాబాయి ఒక్క ఫొటోలోనూ లేదు. పందిరి లేదు, బ్యాండు లేదు. పట్టుమని పాతికమంది లేరు. ఉన్నవాళ్ళ మొహాలు కోర్టులో వాయిదాకు వచ్చినవాళ్ళలా ఉన్నాయి. ఇవన్నీ చాలవన్నట్టు పెళ్ళయిన వారం తిరక్కుండా పెళ్ళికూతురు విమానం ఎక్కేసింది. నిజం చెప్పాలంటే ఆ ఫొటోలన్నీ వరసగా చూసేసరికి కోమల్‌కే తన పెళ్ళి మీద అనుమానం వచ్చింది.

నందకిషోర్ దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. ఒక హాలు తీసుకుందాం, డీజే పెడదాం, ఇప్పుడొచ్చిన జుట్టు కనబడకుండా పెళ్ళికొడుక్కి ఫేటా తలపాగా కట్టి గుర్రం ఎక్కిద్దాం, తల్లిని మధ్యలో నిలబెట్టి ఫొటోలు తీయిద్దాం, అప్పుడే రిసెప్షన్ జరిగింది గానీ ఫొటోలు ఆలస్యంగా దొరికాయని చెబుదాం అని మరాఠీలో ధారాళంగా చెప్పుకుపోయాడు. గుర్రం తాలూకు మనిషి కూడా తనకు తెలుసట.

కోమల్ కోప్పడవలసింది. కోప్పడలేదు. ఒక్క క్షణం ఆ హాలూ, ఆ దీపాలూ ఆమె కళ్ళ ముందు మెరిశాయి. చీకట్లో లేచి మంచులో బస్సు కోసం నిలబడడం, ఒక్కతే వండుకుని ఫోను ఎదురుగా పెట్టుకుని తినడం, ఆ ఫోనులో మొగుడు "ఇయ్యాల ఏం కూర" అని అడగడం, ఇదంతా ఇంకెన్నాళ్ళని ఆమె ప్రాణం విసిగిపోయి ఉంది. అందుకే ఇంటికి వచ్చి అత్తగారి ముందు ఆ మాట పెట్టింది.

సుమిత్రాబాయి పప్పులో పోపు వేస్తోంది. చివరిదాకా విని, చుయ్‌మన్న పోపు మీద మూత పెట్టి కోడలి వైపు తిరిగింది.

"మనం లగ్గం జేసుకున్నం బిడ్డా, దొంగతనం చెయ్యలే. జేసిన లగ్గానికి మల్ల దొంగ లగ్గమెందుకు? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. నమ్మితె నమ్ముతరు."

"నమ్మకుంటె అత్తమ్మా?"

"నమ్మెదాంక చెప్పుండ్రి" అని ఆమె మూత తీసి గరిటె తిప్పింది.

కోమల్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే, ఈమె కడుపున పుట్టినవాణ్ణి చేసుకున్నందుకు నేను అదృష్టవంతురాలిని అని కూడా అనిపించింది.

అసలీ పెళ్ళి మొదలైంది డబ్బాతోనే. నాందేడ్‌లో నర్సింగు చదివే రోజుల్లో మర్ఖేల్ నుంచి వచ్చిన కోమల్‌కి ఈ ఖానావళి నుంచే భోజనం వెళ్ళేది, తెచ్చేవాడు గజానన్. అందరి డబ్బాల్లోనూ పచ్చిమిరపకాయలు దంచి చేసిన ఠేచా వేలెడంత ఉంటే, ఈమె డబ్బాలో పిడికెడుండేది. "నా ఇంట్ల మిరపకాయలు ఎటు పోతున్నయో నాకు ఎర్క లేదనుకున్నవార?" అని సుమిత్రాబాయి ఒకనాడు కొడుకుని నిలదీసింది. ఆ తర్వాత కోమల్ కెనడా వెళ్ళింది, చదివింది, ఉద్యోగం చేసింది, అక్కడ స్థిరంగా ఉండే హక్కు తెచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఇద్దరి మనసూ మారలేదు. మామగారు నాగనాథ్ స్వయంగా మర్ఖేల్ వెళ్ళి పిల్లనడిగి, మాఘమాసంలో ముహూర్తం పెట్టించి వచ్చాడు. కోమల్ ఉన్నంత సెలవు పెట్టుకుని పెళ్ళికి దిగింది.

పెళ్ళి ఇంకా వారం ఉందనగా నాగనాథ్ బ్యాండువాళ్ళకు బయానా ఇచ్చి వస్తూ దారిలో గుండె పట్టుకుని కూలిపోయాడు. గోవర్ధన్ ఘాట్‌లో కొడుకు గుండు చేయించుకుని తండ్రికి నిప్పు పెట్టాడు. ముహూర్తం ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

పదమూడో రోజు కర్మ అయిన సాయంత్రం పెద్దలు హాల్లో కూర్చున్నారు. సుమిత్రాబాయి అన్న శివరాం మాటే ఆ కుటుంబంలో ఆఖరి మాట. ఆయన చెడ్డవాడు కాదు, పద్ధతంటే ప్రాణం పెట్టే మనిషి. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాటకుండా శుభకార్యం వద్దన్నాడు. ఏడాది దాటితే మూడేళ్ళు ఆగాలని ఇంకొకరన్నారు. చేస్తే ఇప్పుడే శాంతి చేసి చేసెయ్యాలని పంతులు నసిగాడు. కోమల్ తండ్రి తలవంచుకున్నాడు. తన సెలవు అయిపోవస్తోందని చెప్పే ధైర్యం ఆ ఇంట్లో కోమల్‌కి లేకపోయింది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న సుమిత్రాబాయి లేచి నిలబడింది.

"మాటిచ్చిన మనిషి పోయిండు గాని మాట పోలే. పిల్ల అంత దూరం కెల్లి అచ్చింది. ఎల్లుండి లగ్గం చేద్దాం."

"చెల్లె, నువ్వు ఇంక నీ దుక్కంల ఉన్నవ్" అన్నాడు శివరాం.

"నా దుక్కం నాది. గా పిల్లల పెండ్లెందుకు దుక్కం గావాలె? నా వల్ల అశుభమంటవా, నేను ముంగటికే రాను. నువ్వు, వదిన పీటల మీద కూసోండ్రి. నేను వంటింట్ల ఉంట. నీకు మాటిస్తున్న."

అలా జరిగింది ఆ పెళ్ళి. డబ్బాల అరలు పక్కకు జరిపిన హాల్లో, బాసింగం, మెళ్ళో పూలదండ తప్ప ఏ అలంకారమూ లేకుండా. వంటింటి గుమ్మానికి పాత పూల పరదా ఒకటి వేలాడదీశారు. దాని వెనక, నల్లపూసలు తీసేసిన మెడతో, గాజుల్లేని చేతులతో ఆమె కొడుకు పెళ్ళి వంట ఒంటిచేత్తో వండింది. పీటల మీద కూర్చున్న కోమల్‌కి మంత్రాల మధ్య గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంత గుండె నిబ్బరం ఒక మనిషికి ఎక్కడి నుంచి వస్తుందని ఆనాడే అనుకుంది. రోజూ మనుషులు చనిపోయే చోట పనిచేసే నర్సు ఆమె. అయినా అంతటి మనిషిని ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు ఇదంతా, కెనడా సర్కారుకు నచ్చేలా, ఒక విచారణలో చెప్పాలి.

విచారణకు ఇంకా కొద్ది రోజులుందనగా, సబూతులు, రుజువులు ఏమైనా దొరుకుతాయేమోనని కోమల్ ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. శివరాం కొడుకు ఆకాశ్ పెళ్ళినాడు ఫోనులో తీసిన వీడియో ఒకటి ఉంది. వాడు చెయ్యి నిలపలేక సగం పైకప్పునీ, సగం నేలనీ తీశాడు. అందుకే దరఖాస్తుతో దాన్ని పంపలేదు. మంగళాష్టకాలు అయిపోవచ్చాయి. పంతులు "సావధాన్" అన్నాడు. అందరూ అక్షింతలు వేశారు. ఫోను పక్కకు ఒరిగి వంటింటి గుమ్మం కనబడింది.

పరదా సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. బోసి చెయ్యి. మణికట్టు పైన, ఎప్పుడో నూనె చింది కాలిన మచ్చ. గుప్పిట విప్పి, పసుపు బియ్యం పెళ్ళికొడుకు వైపు విసిరి, అంతే వేగంగా లోపలికి వెళ్ళిపోయింది. గింజలు గజానన్ గుండు మీద పడి జారిపోయాయి.

కోమల్ దాన్ని మళ్ళీ చూసింది. మూడోసారి చూసేటప్పటికి తెర మసకబారింది. కళ్ళు తుడుచుకుని "అత్తమ్మా, జెర ఇటు రాండ్రి" అని పిలిచింది.

సుమిత్రాబాయి పిండిచేతులతో వచ్చి వంగి చూసింది. తన చెయ్యి కనబడగానే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఇది ఎవరెవరు చూసిండ్రు?"

"ఎవరు చూడలే. నేనే ఇప్పుడు చూసిన."

"తీసెయ్ బిడ్డా. నీకు దండం పెడత, తీసెయ్."

"ఎందుకత్తమ్మా? మీరు పెండ్లిల ఉన్నరని ఇదొక్కటే సబూత్."

సుమిత్రాబాయి అక్కడే నేల మీద కూలబడింది. కొడుకు పెళ్ళిలో, ఘాట్‌లో, పదమూడో రోజున, ఎక్కడా బెదరని మనిషి ఇప్పుడు బెదిరింది.

"అన్నకు మాటిచ్చి తప్పిన. మొగడు పోయిన చెయ్యి తగలొద్దంటరు బిడ్డా, నేను తగిలించిన. అందుకే మీకు గీ తిప్పలు. ఆ మెయిల్ అచ్చిన దినం సంది నాకు నిద్ర లేదు. ఆల్లకు షక్ అచ్చుడు గాదు, నా చేతి దోషం అది. నా కొడుకు సంసారం నేనే ఆగం జేసుకున్న."

కోమల్‌కి ఒళ్ళు మండిపోయింది. అత్తగారి మీద కాదు. గుప్పెడు బియ్యం వేసినందుకు ఇంతటి మనిషికి ఇంత పెద్ద భయం పెట్టిన వాళ్ళందరి మీదా, ఎవరో పేరు తెలియని వాళ్ళ మీదా. పిండి అంటిన ఆ చెయ్యి పట్టుకుని, "ఈ చెయ్యి వండింది తినే నేను మనిషినైన అత్తమ్మా. దీంట్ల దోషమేంది?" అంది. సుమిత్రాబాయి తల అడ్డంగా ఊపింది. చదువుకున్న కోడలు చెప్పినంత మాత్రాన పోయే భయం కాదది.

"సరే. మీరు చెప్పందే ఇది ఎవ్వరికి చూపియ్య. మీ కొడుక్కు గూడ" అని మాటిచ్చింది కోమల్. ఆ మాట ఖరీదెంతో ఆమెకు అప్పుడే తెలుసు. అయినా ఇచ్చింది.

విచారణ నాడు శివరాం, గోదావరి దెగ్లూరు నుంచి పొద్దున్నే బస్సులో దిగారు. పీటల మీద కూర్చున్నది తామే కాబట్టి సాక్ష్యం చెప్పాల్సి వస్తుందేమోనని శివరాం ఇస్త్రీ ధోవతి, తెల్ల టోపీ పెట్టుకుని వచ్చాడు. రొట్టెలు చేసే రఖమాబాయిని ఆ పూటకు పిండి చరచకుండా కూర్చోమన్నారు. ఆమె అరచేతుల చప్పుడుకి వీధి చివరిదాకా తెలుస్తుంది, కెనడాకు తెలియదా అని గజానన్ భయం. ఖాళీ డబ్బాలు పేర్చి వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టారు. సుమిత్రాబాయి వంటింట్లోకి వెళ్ళి పరదా వేసుకుంది.

తెర మీద అధికారిణి నడివయసు మనిషి, నెమ్మదైన గొంతు. పక్కన చిన్న చతురస్రంలో దుబాసీ, ఒక తెలుగు అమ్మాయి. మొదటి ప్రశ్నలు తేలికగా నడిచాయి. ఎలా కలిశారు, ఎవరు ముందు అడిగారు, ఆమె ఏ షిఫ్టులో పనిచేస్తుంది. గజానన్ ఠేచా సంగతి కూడా చెప్పాడు. గుండు ఎందుకని అడిగితే, "మా బాపు పోయిండు మేడం. కొడుకు తల తీయించుకుంటడు. మల్ల మొలిచింది, చూడుండ్రి" అని తల వంచి చూపించాడు. ఆమె చిన్నగా నవ్వింది కూడా.

అంతలో ఆ నవ్వు ఆగింది.

"ఇంట్లో మరణం జరిగితే మీ ఆచారంలో పెళ్ళి వాయిదా వేస్తారని మాకు తెలుసు. తండ్రి చనిపోయిన రెండు వారాలకే మీరెందుకు చేసుకున్నారు? ఆమె విమానం తప్పిపోతుందనా?"

"అమ్మ చెయ్యమన్నది."

"చెయ్యమన్న అమ్మ పెళ్ళిలో ఎందుకు లేదు?"

గజానన్ చెప్పాడు. విధవరాలు ముందుకు రాకూడదని, వంటింట్లో ఉందని, మామ అత్త పీటల మీద కూర్చున్నారని. అధికారిణి రాసుకుంది. రాసుకున్నాక తలెత్తింది.

"ఒక ఆచారం ప్రకారం తల్లి పెళ్ళికి దూరంగా ఉందంటారు. ఇంకో ఆచారాన్ని మాత్రం దాటి పెళ్ళి చేసిందంటారు. మీకు వీలైనప్పుడు ఆచారం, వీలు కానప్పుడు కాదు. నేను దేన్ని నమ్మాలి? ఆమె ఈ పెళ్ళికి ఒప్పుకుందనీ, ఆ రోజు అక్కడ ఉందనీ చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

అన్యాయమైన ప్రశ్న కాదు. అదే కోమల్‌కి ఎక్కువ బాధేసింది. ఆ వీడియో అదే ల్యాప్‌టాప్‌లో ఉంది, వేలు కదిపితే చాలు. గజానన్ ఆమె వైపు ఆశగా చూశాడు. ఇన్నేళ్ళ ఎదురుచూపూ, చలిలో బస్సులూ, ఫోను ముందు భోజనాలూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"లేదండి" అంది కోమల్. "మా దగ్గర ఇంకేం లేదు."

అధికారిణి కలం మూసింది.

"ఉన్నది" అన్న మాట వంటింట్లోంచి వచ్చింది.

పరదా తొలిగింది. సుమిత్రాబాయి తలమీద కొంగు సర్దుకుంటూ వచ్చి, కొడుకుకీ కోడలికీ మధ్య నిలబడింది. ఒక్కసారి అన్న వైపు చూసింది. ఆ తర్వాత చూపు తెర మీద నిలిపి, ఎదురింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మా, నేను ఆని తల్లిని. లగ్గం నేనే జేయించిన. మా అన్నకు మాటిచ్చిన, ముంగటికి రానని. రాలే. గాని సావధాన్ అన్నప్పుడు అందరు అక్షింతలు ఏస్తుంటె నా చెయ్యి ఆగలే. కన్నది నేను. నెత్తి మీద తండ్రి లేకపాయె, తల్లి బియ్యం గూడ పడొద్దా? పరదెనక కెల్లి ఇంత ఏసిన. మా దాంట్ల అది తప్పు. తప్పని ఎర్కయ్యే ఏసిన. గీ పిల్లకు ఎర్కనే, ఆమె దగ్గర దాని సినిమ గూడ ఉన్నది. నా ఇజ్జత్ పోతదని లేదని అబద్ధమాడింది. నువ్వు ఒక్కటే చెప్పు తల్లీ. ఉత్తుత్తి లగ్గానికి ఎవరన్న అంత పాపం కట్టుకుంటరా?"

దుబాసీ అమ్మాయి ఒక్కో మాటా అనువదించింది. శివరాం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అధికారిణి వీడియో చూపించమంది. చూసింది. మీ చెయ్యి ఒకసారి చూపిస్తారా అని అడిగింది. సుమిత్రాబాయి మణికట్టు కెమెరా ముందు పెట్టింది. కాలిన మచ్చ తెరంతా నిండింది.

"ఆ రోజు భోజనంలోకి ఏం వండారు?" అని అడిగింది అధికారిణి. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"పూరన్ పోళీ చెయ్యాలె తల్లీ లగ్గానికి. నాతోని కాలే. పప్పు, అన్నం, రవ్వ శీరా జేసిన. శీరాల ఇలాచి ఏసుడు మర్సిపోయిన."

"అవు, ఇలాచి లేకుండె" అన్నాడు గజానన్, ఏడుస్తూ.

ఇక ప్రశ్నలు లేవని, నిర్ణయం రాతపూర్వకంగా పంపిస్తామని చెప్పి ఆమె సెలవు తీసుకుంది. తెర నల్లబడింది.

శివరాం లేచాడు. చెల్లెలి వైపు చూడలేదు. సంచీ తీసుకుని, పెట్టిన పళ్ళెం ముట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గోదావరి చెంగుతో కళ్ళొత్తుకుంటూ వెనకాలే నడిచింది. గజానన్ ఆపబోతే సుమిత్రాబాయి వద్దంది.

"పోనియ్యి. ఆయన మాట తప్పిన, కోపం ఉండదా?" అని, రఖమాబాయి వైపు తిరిగి, "ఇంక కొట్టు రొట్టెలు. పిల్లలు ఉపాసముంటరా ఏంది?" అంది. మధ్యాహ్నం డబ్బాలు ఆ రోజు కూడా వేళకే వెళ్ళాయి. కోమల్ మూతలు పెడుతూ, అన్నావదినల ముందు తన పరువు తానే తీసుకుని, వచ్చి పప్పు వడ్డిస్తున్న ఆ మనిషి వైపే చూస్తూ ఉండిపోయింది. లోకంలో గొప్పవాళ్ళు ఎలా ఉంటారని ఎవరైనా అడిగితే ఆమె ఇకమీదట తడుముకోదు.

కోమల్ తిరుగు ప్రయాణం నాటికి కూడా శివరాం నుంచి ఫోను లేదు. కెనడా నుంచి మాత్రం అంతకు రెండు రోజుల ముందే కబురొచ్చింది. గజానన్ పాస్‌పోర్టు పంపించండి, వీసా ముద్ర వేస్తాం అని. గజానన్ ఆ కబురు చదివి వీధిలోకి పరుగెత్తి, ఎదురుపడిన కోచింగు పిల్లవాణ్ణి ఎత్తి తిప్పాడట. సుమిత్రాబాయి దేవుడికి దీపం పెట్టింది గానీ, నాగనాథ్ ఫొటో ముందు నిలబడి, "అన్న ఇంక మాట్లాడుతలేడు" అని చెప్పుకోవడం కోమల్ విన్నది.

హైదరాబాద్ కారు కింద వచ్చి నిలబడింది. సామాను దించుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. శివరాం. వెనక గోదావరి, ఆకాశ్. ఆయన ఎవరినీ పలకరించలేదు. సంచీలోంచి ఇత్తడి పళ్ళెం తీశాడు, అందులో మూటగట్టి తెచ్చిన పసుపు అక్షింతలు పోశాడు. పెద్దవాడు కాబట్టి తనే ముందు దీవించాలి. గజానన్, కోమల్ వంగబోయారు.

ఆయన వాళ్ళను ఆగమన్నాడు. పళ్ళెం తీసుకెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ చెల్లెలి ముందు పట్టుకున్నాడు.

"ముందుగాల నువ్వెయ్యి."

"అన్నా, నేను..." సుమిత్రాబాయి రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"ఆ దినం ఆని బాపు పీట మీద నేను కూసున్న గద చెల్లె" అన్నాడు శివరాం. "ఆ పీట మీద కూసున్నోనిగ చెప్తున్న. నాగనాథ్ బావ ఉంటె నిన్ను పరదెనక నిలవెడుతుండెనా? నాకే తెలివి లేకపాయె. రా, ముంగటికి రా."

ఆమె గుమ్మం దాటింది. దోసిలి నిండా తీసుకుని, నడి హాల్లో, అందరి ముందూ, కొడుకు తల మీదా కోడలి తల మీదా వేసింది. ఆకాశ్ ఫోను తీశాడు. ఈసారి వాడి చెయ్యి కదలలేదు.

గుండు మీద నిలవని బియ్యం గజానన్ ఉంగరాల జుట్టులో ఎక్కడికక్కడ చిక్కుకున్నాయి. సుమిత్రాబాయి అలవాటు కొద్దీ వాటిని దులపబోయి, చెయ్యి ఆపుకుని, అలాగే ఉండనిచ్చింది.